తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది?



మద్యపానమును గూర్చి వ్రాసినప్పుడెల్లను తాగవద్దని చెప్పి పాఠము ముగించుట మనకు అలవాటు. ఈసారి ఇంకొక అడుగు ముందుకు వేయవలెనని తలంచితిమి. తాగినవాడు బండి ఎక్కినప్పుడు అతని శరీరములో ఏమి జరుగును? చట్టము అతనిని ఏమి చేయును? ప్రక్కన నిలిచి చూచుచున్న మన బాధ్యత ఎంత? ఈ మూడు ప్రశ్నలను కుటుంబ సమేతముగా చదువుకొనుడి. తాగనివారు ఇది మనకు సంబంధించినది కాదని పుట త్రిప్పవద్దు. ఈ పాఠములో ఎక్కువ భాగము తాగనివారి కొరకే.

మా వాడలో జరిగినది

కొన్ని ఏండ్ల క్రిందట సోలాపూరు పూర్వభాగములో ఒక పెండ్లియింట మేమందరము కూడియుంటిమి. సాంచెలు బాగుచేయు పని తెలిసిన ఒక సహోదరుడు కూడ వచ్చెను. పగారు వచ్చిన సాయంత్రము. ఇంటి వెనుక నలుగురితో కూర్చుండి తాగి, రాత్రి తొమ్మిది గంటలకు తన అన్న మోటారు సైకిలు తీసెను. కిక్కు కొట్టబోయి రెండు సార్లు తూలెను. మాలో ఒకరు నవ్విరి. ఒకరు, "పైలం రా తమ్మీ" అనిరి. అతడు, "ఏం కాదన్నా, బండికే తొవ్వ తెలుసు" అనెను. దారికి అడ్డముగా కుర్చీలుండగా మేమే వాటిని ప్రక్కకు జరిపి త్రోవ ఇచ్చితిమి.

అక్కల్‌కోట రోడ్డు మీద, రాత్రి పాళీకి సైకిలు మీద పోవుచున్న ఒక పెద్దాయనను అతడు వెనుకనుండి గుద్దెను. ఆ పెద్దాయన మన తెలుగువాడే. ఆయన టవళ్లు నేయును, ఆయన భార్య బీడీలు చుట్టును. ఆసుపత్రికి చేరకముందే ఆయన ప్రాణము పోయెను. గుద్దిన సహోదరుని కాలు విరిగినది గాని అతడు బ్రతికెను.

మూడవ దినమున పరామర్శకు వెళ్లినప్పుడు ఆ తల్లి మమ్మును చూచి ఒక్క మాట అడిగెను: "తాగిండని ఎరుకైనోళ్లు అంతమంది ఉండి ఒక్కలన్న ఆపకపోయిరా?" మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ జవాబును వెదకుటకే ఈ పాఠము.

మత్తు చేయు పని

తాగిన మద్యము అరుగుటకు అన్నమువలె గంటలు పట్టదు. అది కడుపు నుండియు చిన్న ప్రేగు నుండియు నిమిషములలోనే రక్తములో కలిసి మెదడుకు చేరును. మొదట మందగించునది కాళ్లు చేతులు కాదు, మంచి చెడ్డలు తూచు శక్తి. అందుచేతనే తాగినవాడు "నేను బాగానే ఉన్నాను" అనును. అతడు అబద్ధమాడుట లేదు. తన స్థితిని కొలుచు కొలబద్దయే అతనిలో చెడిపోయినది. కాబట్టి బండి నడపగలవా అని అతనినే అడుగుట వ్యర్థము.

లెక్క చూడుడి. విస్కీ, బ్రాందీ వంటి మద్యములో నూటికి సుమారు 43 పాళ్లు ఆల్కహాలు ఉండును. 60 మిల్లీలీటర్ల ఒక పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాములుండును. 60 కిలోల బరువున్న మగవాడు ఖాళీ కడుపుతో దానిని తాగినయెడల, 100 మిల్లీలీటర్ల రక్తములో ఆల్కహాలు 45 మిల్లీగ్రాముల వరకు చేరవచ్చును. మన దేశపు చట్టము పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అనగా ఒక్క పెగ్గుతోనే హద్దు దాటును. "కొంచెమే తాగితిని" అను మాటకు ఇక్కడ చోటు లేదు.

మత్తు దిగుటకు కాలేయము తన పని తాను చేయవలెను. అది గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించును. మనిషిని బట్టి కొంత హెచ్చుతగ్గులుండును. నిమ్మరసము, మజ్జిగ, చాయ, చన్నీళ్ల స్నానము, ఇవేవియు దానిని త్వరపెట్టలేవు. రాత్రి పది గంటలకు ఒక క్వార్టరు, అనగా 180 మిల్లీలీటర్లు, తాగినవాని రక్తములో 150 మిల్లీగ్రాముల దాకా చేరవచ్చును. అతడు ఉదయము ఆరు గంటలకు లేచి ముఖము కడుగుకొని కార్ఖానాకు బండి తీసినప్పుడు కూడ హద్దు దగ్గరనే ఉండును. నిద్ర లేచినంత మాత్రాన మత్తు దిగినదని నమ్మవద్దు.

కల్లు గాని, బీరు గాని, హాత్‌భట్టీ సారా గాని, రక్తములోనికి పోవునది అదే ఆల్కహాలు. హాత్‌భట్టీ సారా ఎంత ఘాటో అమ్మువానికే తెలియదు గనుక, "రెండు గ్లాసులే" అను లెక్క దానికి అసలే పనికిరాదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనుకు దాదాపు 14 మీటర్లు పోవును. మత్తు వలన బ్రేకు నొక్కుటకు అర సెకను ఆలస్యమైనను బండి మరి 7 మీటర్లు ముందుకు పోవును. ఆ 7 మీటర్లలో ఒక సైకిలు, దాని మీద ఒక మనిషి, అతని వెనుక ఒక కుటుంబము ఉండవచ్చును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ఈ నేరమును గూర్చినది. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము శిక్షలు ఇవి:

మొదటిసారి: ఆరు నెలల వరకు జైలు, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును.

మరల చేసినయెడల: రెండు సంవత్సరముల వరకు జైలు, లేక 15,000 రూపాయల జరిమానా, లేక రెండును.

సవరణకు ముందు మొదటిసారి జరిమానా 2,000 రూపాయలకు మించియుండలేదు. ఆ పాత లెక్కను మనస్సులో పెట్టుకొని "ఏదో కొంత కట్టి వచ్చెదము" అనుకొనువారు మనలో ఇంకను ఉన్నారు. చౌక్‌లోనే జరిమానా కట్టి రసీదు తీసుకొని పోవు నేరములలో ఇది చేరదు. కోర్టుకు వెళ్లవలెను. ఆ దినపు కూలి పోవును. లైసెన్సు పోవచ్చును. రిక్షా, టెంపో నడుపుకొని బ్రతుకువానికి లైసెన్సు పోవుట అనగా పొయ్యి ఆరిపోవుటయే. శిక్ష పడినచో అది పేరు మీద నిలుచును. గల్ఫు దేశములకు పోదలచినవారు పోలీసు సర్టిఫికెటు అడిగినప్పుడు ఈ సంగతి జ్ఞాపకము వచ్చును.

పోలీసువారు నోట గొట్టము పెట్టి ఊదమన్నప్పుడు నిరాకరించిన తప్పించుకొనవచ్చునని కొందరు చెప్పుదురు. ఇది తప్పు సలహా. తాగినట్లు అనుమానముండి పరీక్షకు ఒప్పుకొననివానిని వారంటు లేకుండ అరెస్టు చేయవచ్చును. సరియైన కారణము లేకుండ నిరాకరించుటను కోర్టు అతనికి విరోధముగా లెక్కించవచ్చును. అయితే పోలీసులకును కట్టుబాటున్నది. 185వ సెక్షను క్రింద అరెస్టు చేసినవానిని రెండు గంటలలోగా వైద్య పరీక్షకు పంపవలెను.

'తెలిసి' అను ఒక్క మాట

మనిషి చనిపోయినప్పుడు ఈ కేసు జరిమానాతో ముగియదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో రెండు సెక్షనులను మనము తెలిసికొనవలెను. అజాగ్రత్త వలన ప్రాణము పోయినయెడల 106వ సెక్షను, ఐదు సంవత్సరముల వరకు జైలు. తన పని వలన ప్రాణము పోవచ్చునని తెలిసి చేసినయెడల 105వ సెక్షను, పది సంవత్సరముల వరకు జైలు. ఈ రెంటి మధ్య తేడా 'తెలిసి' అను ఒక్క మాటలో ఉన్నది.

ఈ మాటను మన రాష్ట్రములోనే కోర్టులు తూచిన కేసు ఒకటి కలదు. 2006 నవంబరు 12 తెల్లవారుజామున ముంబయి బాంద్రాలోని కార్టర్ రోడ్డు మీద, రోడ్డు పనికి వచ్చిన కూలీలు కాలిబాట మీద గుడిసెలు వేసికొని నిద్రించుచుండిరి. తాగి నడిపిన ఒక కారు ఆ కాలిబాట మీదికి ఎక్కెను. ఏడుగురు చనిపోయిరి, ఎనిమిదిమంది గాయపడిరి. క్రింది కోర్టు అజాగ్రత్తగా ఎంచి ఆరు నెలల శిక్ష విధించెను. బొంబాయి హైకోర్టు దానిని మార్చి, తెలిసి చేసిన ప్రాణహరణముగా ఎంచి మూడు సంవత్సరముల శిక్ష విధించెను. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచుచు, ఏడు ప్రాణములకు ఆ శిక్షయు చాలదని అభిప్రాయపడెను. పొట్టకూటికి ఊరు విడిచి వచ్చి రోడ్డు ప్రక్కన పడుకొనువారి ప్రాణము కూడ ప్రాణమేనని ఆ తీర్పు చెప్పినట్లు మేము గ్రహించుచున్నాము. వలసవచ్చిన మనము దీనిని మరువరాదు.

బైబిలు చదువువారికి ఈ తేడా క్రొత్తది కాదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గూర్చిన కట్టడ ఉన్నది. ఎద్దు అకస్మాత్తుగా మనిషిని పొడిచి చంపినచో దాని యజమానుడు నిర్దోషి. అయితే అది పొడిచే ఎద్దని అతనికి ముందే తెలియజేసినను కట్టివేయక విడిచిన యెడల అతడును దోషి. ఎద్దు పొడుచునని తెలిసియు త్రాడు విప్పినవాడెవడు? ఆ రాత్రి కుర్చీలు జరిపినవారము మేమే గదా!

ఒక్కడే దోషియా?

చట్టము కూడ నడిపినవానితో ఆగదు. మోటారు వాహనముల చట్టములోని 188వ సెక్షను ప్రకారము, తాగి నడుపుటకు ప్రేరేపించినవానికిని సహాయపడినవానికిని అదే శిక్ష. "నన్ను ఇంటిదగ్గర దింపు" అని తాగినవానిని బలవంతపెట్టి వెనుక కూర్చుండువారు ఆలోచించుకొనవలెను.

పిల్లల సంగతి ఇంకను కఠినము. పదునెనిమిదేండ్లు నిండనివాడు బండి నడిపి నేరము చేసినయెడల 199ఎ సెక్షను ప్రకారము తల్లిదండ్రులకో, బండి యజమానునికో మూడు సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. తమకు తెలియకుండ జరిగినదనియో, ఆపుటకు తగిన జాగ్రత్త తీసికొంటిమనియో వారే రుజువు చేసికొనవలెను. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు ఇయ్యరు. 2024 మే 19న పుణే కల్యాణినగరులో పదునేడేండ్ల బాలుడు తాగి నడిపినట్లు చెప్పబడిన కారు తగిలి, మోటారు సైకిలు మీద పోవుచున్న ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయిరి. బాలుని రక్తపు నమూనా మార్చబడెనను ఆరోపణపై తల్లిదండ్రులును, వైద్యులును అరెస్టయిరి. పిల్లవానికి మద్యము అందిన చోట పనిచేయువారును అరెస్టయిరి. ఒక్క రాత్రి ఎన్ని ఇండ్లలోనికి ప్రవేశించినదో చూడుడి.

ఇక భీమా సంగతి. బండికి భీమా ఉన్నది గదా, కంపెనీవారు చూచుకొందురని అనుకొనవద్దు. తాగి నడుపుట భీమా షరతును మీరుట అగును. అట్టి కేసులలో కంపెనీ బాధితులకు ముందు చెల్లించి, తరువాత ఆ సొమ్మును బండి యజమానుని నుండి రాబట్టుకొనునట్లు తీర్పులు వచ్చుచున్నవి. విరిగిన బండి మరమ్మతు సొమ్ము కూడ తాగి నడిపినచో కంపెనీ ఇయ్యనక్కరలేదని సుప్రీంకోర్టు 2021లో ఒక కేసులో తీర్పు చెప్పెను.

మా వాడ కేసులో బండి అన్నగారి పేరున ఉండెను. భీమా గడువు తీరి రెండు నెలలైనను కట్టలేదు. నష్టపరిహారము అన్నదమ్ములిద్దరి మీద పడెను. అన్న ఒక్క చుక్క కూడ తాగినవాడు కాడు. ఇరువదియేండ్లు కష్టపడి కొనుక్కొన్న రెండు సాంచెలను అమ్మి, ఇప్పుడు ఇంకొకరి కార్ఖానాలో కూలికి నేయుచున్నాడు. అతని తప్పెల్ల, తమ్ముడు అడిగినప్పుడు తాళపుచెవి ఇచ్చుటయే.

రోడ్డు మీద పడిన ఒక బండి

"తాగి పోయినవాడు చచ్చినా వాడే గదా చచ్చేది" అని కొందరందురు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర జరిగినదానిని వారు జ్ఞాపకము చేసికొనవలెను. తాగి మోటారు సైకిలు నడిపిన ఒక యువకుడు డివైడరుకు గుద్దుకొని చనిపోయెను. అతని బండి రోడ్డు మీద పడియుండెను. హైదరాబాదు నుండి బెంగళూరుకు పోవుచున్న ఒక ప్రైవేటు బస్సు ఆ బండిని తొక్కి ఈడ్చుకొనిపోగా మంటలు లేచెను. బస్సులోని 19 మంది కాలిపోయిరి. యువకుడు తాగియుండెనని ఫోరెన్సిక్ పరీక్షలో తేలెను. బస్సు నడిపినవారి బాధ్యత వేరుగా విచారణకు వచ్చినది. అయినను ఆ రాత్రి అతడు బండి ఎక్కకయుండినచో ఆ బండి ఆ రోడ్డు మీద పడియుండదు. పండుగలకు, పెండ్లిండ్లకు రాత్రి బస్సులలో ఊళ్లకు పోవు మనకు ఈ సంగతి దూరపుది కాదు.

నష్టపోయిన ఇంటివారికి

ఒకవేళ ప్రమాదములో మన ఇంటివారే దెబ్బతిన్నచో ఈ సంగతులు తెలిసియుండవలెను.

1. మొదట 108కు ఫోను చేయుడి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన మంచి మనిషిని వేధింపకుండ 134ఎ సెక్షను కాపాడును. భయపడి తొలగిపోవద్దు.

2. నష్టపరిహారమునకు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో ఆరు నెలలలోగా దరఖాస్తు పెట్టుడి. పెద్దకర్మ కాగానే ఊరికి పోయి సంవత్సరమునకు తిరిగి వచ్చువారు చిక్కులలో పడుదురు.

3. గుద్దిన బండి దొరకనియెడల కూడ పరిహారమున్నది. మరణమునకు 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు.

4. పంచనామా, వాంగ్మూలము మరాఠీలో వ్రాయుదురు. మాటలాడుట వచ్చినను చదువుట రానివారు మనలో చాలమంది. చదివి వినిపింపకుండ వ్రేలిముద్ర గాని సంతకము గాని పెట్టవద్దు.

5. వకీలుకు డబ్బు లేదని కేసు విడువవద్దు. 1987వ సంవత్సరపు న్యాయ సేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, షెడ్యూల్డు తెగలవారికి, పరిశ్రమలలో పనిచేయు కార్మికులకు ఉచిత న్యాయ సహాయము కలదు. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థను అడుగుడి. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును.

మనము చేయవలసినది

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ ఉన్నది. పడినవాడు తన తప్పుచేత పడినను, గోడ కట్టనివాని మీద ఆ రక్తాపరాధము వచ్చును. మన వాడలకు అట్టి పిట్టగోడ కట్టుట మన చేతిలో ఉన్నది. మేము మా వాడలో చేసికొన్న ఏర్పాటు ఇది.

పెండ్లి గాని, చావు గాని, పండుగ గాని, ఆ యింటివారు ఇద్దరు తాగని పెద్దలను ముందే ఏర్పరచుదురు. వచ్చినవారి బండ్ల తాళపుచెవులు వారి దగ్గర ఒక డబ్బాలో ఉండును. తాగినవానికి తిరిగి ఇయ్యరు. "అన్నా, చెవి నా దగ్గరుంటది, పొద్దుగాల తీస్కపోదువు" అని మెల్లగా చెప్పుదురు. నలుగురిలో సిగ్గుపరచరు, వాదింపరు. అతనికి రిక్షా మాటలాడుదురు, లేదా ఆ యింటనే పండుకొనుటకు చాప వేయుదురు. మొదట కోపపడినవారున్నారు, రెండు నెలలు మాటలాడనివారు కూడ ఉన్నారు. మాటలు మరల కలిసినవి. పోయిన ప్రాణము మరల రాదు.

మార్పు సాధ్యము కాదని నిరాశపడవద్దు. సోలాపూరు చుట్టుప్రక్కల తాండాలలో తరతరములుగా హాత్‌భట్టీ కాచినవారిని ఆ పని మాన్పించి వేరు జీవనోపాధి చూపుటకు 2021లో గ్రామీణ పోలీసు సూపరింటెండెంటు తేజస్వి సాత్‌పుతే 'ఆపరేషన్ పరివర్తన్' ప్రారంభించిరి. ములేగావ్ తాండా మొదలైన చోట్ల పోలీసులు ఒక్కొక్క తాండాను బాధ్యతగా తీసికొని ఇంటింటికి వెళ్లి మాటలాడిరి. కాచుటయే బ్రతుకుగా ఉన్నవారు మారగలిగిరి. ఒక్క రాత్రికి తాళపుచెవి ఇచ్చివేయుట మనకు అంతకంటె కష్టమా?

ఆ పెద్దాయన భార్య ఇప్పటికిని బీడీలు చుట్టుచున్నది. మేము ఈ ఏర్పాటును గూర్చి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "ఇగ జెర జల్ది పెట్టుకుంటే బాగుండు" అనెను. ఆ మాట మా మీద తీర్పు. మీ వాడలో అట్టి మాట వినవలసిన దినము రాకముందే ఈ పని చేయుడి.

ఇంటిలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఇంటి బండి ఎవరి పేరున ఉన్నది? భీమా ఏ తేదీ వరకు ఉన్నది? ఇప్పుడే తీసి చూడుడి.

2. రాత్రి తాగినవాడు ఉదయము బండి నడుపుట ఎందుకు అపాయము?

3. పొడిచే ఎద్దు కట్టడలో 'ముందే తెలియజేయుట' వలన యజమానుని బాధ్యత ఎట్లు మారినది? తాగినవానికి బండి ఇచ్చువానికి అది ఎట్లు వర్తించును?

4. రాబోవు పెండ్లిలో తాళపుచెవుల డబ్బా పట్టుకొను ఇద్దరు ఎవరు? పేర్లు వ్రాసికొనుడి.